తూటా దాటే అంచు

సుధేష్ణ స్కోప్‌లో కన్ను పెట్టి చూసింది. నమ్మబుద్ధి కాక, కన్ను తుడుచుకుని మళ్ళీ చూసింది. యాభై మీటర్ల అవతల గురి కార్డు మీద ఆమె కొట్టిన తూటాలు తలో దిక్కున పడి ఉన్నాయి. ఒకటి నడిమధ్యన, రెండు కింద కుడివైపు, ఇంకొకటి ఎక్కడో అంచున. ఆఖరుది అసలు కార్డు మీదే లేదు. ఇదే రైఫిలు, ఇదే చాప, ఇదే భుజం. దసరా ముందు వరకూ అన్నీ కలిపి చిటికెనవేలి గోటి కింద దాగిపోయేవి.

పక్క లేన్‌లోంచి త్రినాథ్ లేచి, జాకెట్ బకిల్స్ విప్పుకుంటూ, అడగకుండానే ఆమె స్కోప్‌లోకి వంగి చూశాడు.

"ఏంటండీ సుధేష్ణ గారూ, కార్డుకి ఆటలమ్మ పోసినట్టుందే!"

"రైఫిల్ల ఏదో తేడా ఉంది" అంది.

"రైఫిల్‌కేమండీ, బంగారంలా ఉంది. ప్రాబ్లం రైఫిల్ వెనకాల ఉన్నట్టుంది."

అంతటితో ఆగినా బాగుండేది. వెనక బెంచీ మీద కూర్చున్న ఐరిష్ వాళ్ళ కోసం అదే మాట ఇంగ్లీషులో ఇంకోసారి చెప్పాడు. వాళ్ళు నవ్వారు. సుధేష్ణ కూడా పళ్ళు బయటపెట్టి నవ్వింది.

ఐర్లండ్‌లో నేవన్ ఊరి బయట, పాత రాతి క్వారీలో ఉంటుంది ఈ షూటింగ్ క్లబ్బు. డాక్‌ల్యాండ్స్‌లో రాజధాని రేవు పక్కన ఆమె పనిచేసే అద్దాల బిల్డింగులో ఏ అంతస్తులో ఎవరు కూర్చుంటారో ఎవరికీ పట్టదు. నెలకో కొత్త టీము, వారానికో కొత్త మేనేజరు. అక్కడ ఆమె బ్యాడ్జి మీది ఫోటో మాత్రమే. ఇక్కడ ఆమె "సూ". వరంగల్ ఎన్‌సీసీలో నేర్చిన విద్యతో, పోయిన రెండు సీజన్లూ క్లబ్బు టీములో నాలుగో స్థానం నిలబెట్టుకున్న సూ. క్వారీ గేటు దాటగానే ఆమె నడక మారిపోతుంది, అది ఆమెకే తెలుసు.

టీ తాగే షెడ్డులో సెక్రటరీ మోరా బిస్కెట్ల డబ్బా మూత తీస్తూ, పెద్ద విషయం కానట్టు చెప్పేసింది. వచ్చే ఆదివారం లిమరిక్ వాళ్ళతో మ్యాచ్‌కి నాలుగో మనిషి త్రినాథ్. "నీకు ఫరవాలేదుగా సూ? కాస్త రెస్ట్ తీసుకో, గ్రాండ్ అయిపోతావు."

"గ్రాండ్" అంది సుధేష్ణ, ఫరవాలేదనడానికి ఇక్కడివాళ్ళు వాడే మాటతోనే. ఇంకేమంటుంది?

క్లబ్బుకి త్రినాథ్‌ని తెచ్చిందే తను. ఆఫీసులో కొత్తగా చేరిన విశాఖ కుర్రాడు, ఎవరూ తెలీదు పాపం అని బండిలో ఎక్కించుకుని తీసుకొచ్చింది. చాప ఎలా పరుచుకోవాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో, లైసెన్సుకి ఇక్కడి పోలీసులు, గార్డ్స్ దగ్గర ఎవరిని కలవాలో, అన్నీ తనే చెప్పింది. తీసుకొచ్చి తన చాప మీదే కూర్చోబెట్టుకుంది!

అప్పుడు, కప్పు కడుగుతూ, క్లబ్బు పాత మెంబరు, ముసలి నోయెల్ అన్నాడు. "మొన్న మీ పండగ రోజున నీ రైఫిల్‌తో మీ ఫ్రెండ్ ఏం చేస్తున్నాడు?"

"ఎవరు?"

"అదే, త్రినాథ్. నువ్వు ఫోన్ మాట్లాడ్డానికి బయటికి వెళ్ళావు చూడు, అప్పుడు. నీ బ్యారెల్ మూతి దగ్గర ఏదో పెట్టి మెలి తిప్పుతున్నాడు. మీ పూజలో భాగమేమో అనుకున్నాన్నేను."

దసరా ఈసారి ప్రాక్టీసు రోజునే పడింది. ఆయుధ పూజ చేస్తానంటే మోరా సంబరపడి మేజాబల్ల ఖాళీ చేసి ఇచ్చింది. సుధేష్ణ తన రైఫిల్‌కీ త్రినాథ్ రైఫిల్‌కీ పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయని రెండు చెక్కలుగా కోసి, కుంకుమ అద్ది, దిష్టి తగలకుండా చెరో గొట్టం మూతికీ ఒక్కో చెక్క గుచ్చింది. అందరూ ఫోటోలు తీసుకున్నారు. ఆమె లడ్డూలు పంచుతుండగానే త్రినాథ్ తన రైఫిల్‌కి ఉన్న నిమ్మచెక్క పీకి చెత్తబుట్టలో పారేసి, నూనెగుడ్డతో బొట్టు కూడా తుడిచేశాడు. ఏందిది అంటే, "ఊరికే అండీ" అన్నాడు. దేవుడికి పెట్టింది చెత్తబుట్టలో! ఆ రోజు నుంచే ఆమెకి అతనంటే ఒక ముల్లు గుచ్చుకుని ఉంది.

ఇప్పుడా ముల్లు మేకైంది. సుధేష్ణ రైఫిల్‌ని కిటికీ వెలుగులోకి తెచ్చి, భూతద్దం పెట్టి గొట్టం చివర చూసింది. తూటా బయటికి దాటే ఆ గుండ్రటి అంచుని క్రౌన్ అంటారు. అది చుట్టూ ఒకేలా ఉండాలి, పదునుగా, నున్నగా. గడియారంలో అయిదు ఉండే చోట, ఆమె రైఫిల్ అంచు కొరికినట్టుగా ఉంది. ఆవగింజలో సగం కూడా లేదు. చాలదూ?

"నీ పని చెప్త బిడ్డా" అంది, గొట్టంతో కాదు.

*

"అతన్నే ఓసారి అడగరాదు?" అన్నాడు ఆమె భర్త మల్లేశ్, వంటింటి అలమరలోంచి బియ్యం డబ్బా తీస్తూ.

"దొంగతనం చేసినవా అని దొంగనడుగుతరా? నవ్వి, లేదండీ అంటడు. ఆ అండీ వింటేనే నాకు ఒళ్ళు మండుతది."

"మామ్, జస్ట్ టెల్ ద గార్డ్స్" అంది సహస్ర, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం మీత్ కౌంటీ యాసలో వస్తుంది.

"గార్డ్స్‌కి ఏమని చెప్పాలె? ఎవరు చూసిండ్రు?"

"నోయెల్ చూసిండంటివి గదా" అన్నాడు మల్లేశ్.

"మూతి కాడ ఉండంగ చూసిండు. గాటు పెట్టంగ చూడలే."

మల్లేశ్ బియ్యం కడిగి, నీళ్ళు వంచి, కుక్కర్ మూత బిగించాడు. ఆ తర్వాత, "పోనీ తియ్. ఓ మ్యాచే గదా" అన్నాడు.

ఆ మాట అనకపోయి ఉంటే వేరేగా ఉండేదేమో. ఓ మ్యాచే గదా! ప్రమోషన్ ఇంకొకడికి పోయినప్పుడూ ఇదే అన్నాడు, ఓ గ్రేడే గదా అని. అన్నిటికీ పోనీ అంటూ పోతే ఇక మిగిలేది ఏమిటి? సుధేష్ణ ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంది. మీత్‌లో తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ ఫారెలీకి ఫోన్ చేసి శుక్రవారానికి టైం తీసుకుంది. అయితే తనది బాగు చేయించుకోవడంతో ఆమె మనసు చల్లారేలా లేదు. ఏది పోయిందో అదే వాడికీ పోవాలి. వాడూ స్కోప్‌లో కళ్ళు నులుముకుని చూడాలి. వాడి గురించీ ఎవరైనా ఒక జోకు వెయ్యాలి, దాన్ని రెండు భాషల్లోనూ చెప్పాలి.

బుధవారం సాయంత్రం ప్రాక్టీసుకి ఆమె రైఫిల్ లేకుండానే వెళ్ళింది. స్కోర్లు చూసి పెడతానంది. మోరా మెచ్చుకుంది కూడా, ఎంత మంచి మనసమ్మా నీది అని.

త్రినాథ్ అద్భుతంగా కొడుతున్నాడు. ఆ సంగతి ఒప్పుకోవాలి. పడుకున్నాడంటే కదలడు, మోచెయ్యి చాపకి అతికినట్టుంటుంది. మధ్యలో అతని ఫోన్ మోగింది. రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, రాక్‌లో పెట్టి, "ఇంటి ఓనరండీ, లీజు సంగతి. కాస్త చూస్తుండండి, వచ్చేస్తాను" అని షెడ్డు బయటికి వెళ్ళాడు.

కాస్త చూస్తుండండి!

మిగతావాళ్ళు కార్డులు మార్చడానికి ముందుకు నడిచారు. సుధేష్ణ జేబులో చిన్న స్క్రూడ్రైవర్ ఉంది, సైట్ బిగించుకునేది. అది ఊరికే జేబులో ఉండిపోయిందని ఆమె తనకు తాను చెప్పుకోలేదు. ఇంట్లో డ్రాయర్ తెరిచి వెతికి పెట్టుకున్నదే అది. రాక్ దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో గొట్టాన్ని ఆనించి పట్టుకుంది. ఇనుము ఇంకా వెచ్చగా ఉంది. స్క్రూడ్రైవర్ మొనని గొట్టం లోపలి అంచున, గడియారంలో అయిదు ఉండే చోటే ఆనించి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి మెలి తిప్పింది. కీచుమని ఒక చిన్న చప్పుడు. పలక మీద బలపం గీరినట్టు. అంతే.

కిటికీ దగ్గరికి పోయి నిలబడి, ఫ్లాస్కులోంచి టీ పోసుకుంది. తియ్యగా ఉంది.

"థాంక్సండీ" అన్నాడు త్రినాథ్ తిరిగొచ్చి. "మీకు పంపిన మెసేజ్ చూశారా? ఆదివారం నా స్కోప్ మీరే చూడాలి. ఎవరు చూసినా నాకు నమ్మకం కుదరదు."

"చూద్దాం తియ్" అంది.

*

ఫారెలీ షెడ్డు నేవన్ దాటాక, గొర్రెల పొలాల మధ్య ఉంది. లోపల నూనె వాసన, మూల ఒక హీటరు, మధ్యలో పాత లేత్ మిషను. యాభై దాటిన మనిషి. మాట తక్కువ, గొణుగుడు ఎక్కువ. సుధేష్ణ శుక్రవారం సెలవు పెట్టి వచ్చింది. ఫారెలీ గొట్టాన్ని చెక్క పిడి నుంచి విడదీసి, దీపం కింద పెట్టి, ఒక దూదిపుల్లని గొట్టంలో దూర్చి, అంచు వైపు మెల్లగా లాగాడు. అయిదు దగ్గర దూది చిక్కుకుని, పీచు తెగి అక్కడే వేలాడింది.

"ఇక్కడే" అన్నాడు. "తూటా వెళ్ళిపోయాక వెనకాల గ్యాస్ వస్తుంది కదా. అంచు చుట్టూ ఒకేసారి వస్తే తూటా తిన్నగా పోతుంది. ఒక పక్క ముందుగా జారిందనుకో, తోక మీద తోస్తుంది. గడప దాటేటప్పుడు మనిషి భుజం మీద ఎవరో తట్టినట్టు. గొట్టమంతా బాగున్నా లాభం లేదు."

"ఎవరో కావాలని చేసిండ్రు" అంది సుధేష్ణ ఇంగ్లీషులో, పళ్ళ మధ్యనుంచి. "స్క్రూడ్రైవర్‌తోనో దేనితోనో."

ఫారెలీ ఒక కంటికి అద్దం తగిలించుకుని చాలాసేపు చూశాడు. "స్క్రూడ్రైవర్ కాదిది."

"అంటే?"

"ఇనుముతో గుచ్చితే లోహం పక్కకి లేస్తుంది. గట్టు కడుతుంది. ఇక్కడ గట్టు లేదు. ఏదో తినేసింది." పళ్ళు కుట్టుకునే పుల్ల ఒకటి తీసి ఆ గుంటలో కెలికాడు. పుల్ల మొనకి ఏదో అంటింది. తెల్లకాగితం మీద దాన్ని రాశాడు. "తుప్పు కొంత ఉంది. తుప్పు ఇంత ఎర్రగా ఉండదే. ఏమిటిది, పెయింటా?"

సుధేష్ణ కాగితం దగ్గరికి వంగింది. ముక్కు దాకా తీసుకోనవసరం లేదు. ఆ ఎరుపు ఆమెకి తెలుసు. రోజూ పొద్దున అద్దంలో చూసుకునే ఎరుపే. పక్కనే ఎండిపోయిన నిమ్మతొన పీచొకటి, వెంట్రుకంత.

నిమ్మచెక్క. లడ్డూలు పంచి, ఫోటోలు దిగి, ఫోన్ మాట్లాడి వచ్చేదాకా దాని పులుపంతా ఇనుములోకి దిగుతూనే ఉంది. ఆ తర్వాత పైపైన తుడిచి సేఫ్‌లో పెట్టేసింది. ఈ దేశంలో గోడలకే చెమట పడుతుంది, ఇక ఇనుమెంత! దేవుడికి పెట్టిన బొట్టని లోపల గుడ్డ కూడా పెట్టలేదు తను.

బ్యారెల్ మూతి దగ్గర ఏదో పెట్టి మెలి తిప్పుతున్నాడు. ఏదో కాదు, నూనెగుడ్డ. వాడిది తుడుచుకుని, తనదీ తుడవబోయాడు.

"ఏమైంది?" అన్నాడు ఫారెలీ. "కూర్చుంటావా?"

"ఏం లేదు. కానివ్వండి."

గొట్టాన్ని లేత్‌లో బిగించి, వంకర కొలిచే సూది గడియారం పెట్టి, ఒక్క వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా సరిచేశాడు. మిషను తిరిగింది. పనిముట్టు మొన అంచుని తాకగానే సన్నటి మెరిసే తీగ ఒకటి చుట్టలు చుట్టుకుంటూ నేల మీద పడింది. కొరికిన చోటు ఒక్కో చుట్టుకీ సన్నబడి, ఆఖరికి మాయమైంది. ఇత్తడి గుండుకి పేస్టు రాసి అంచుని పాలిష్ పట్టాడు. మళ్ళీ దూదిపుల్ల లాగాడు. ఎక్కడా చిక్కలేదు. కొత్త క్రౌన్ దీపం కింద పెళ్ళి ఉంగరంలా మెరిసింది.

"ఇంక గురి తప్పిందంటే తప్పు నీదే" అని నవ్వాడు ఫారెలీ.

సుధేష్ణ నవ్వలేదు. "స్క్రూడ్రైవర్‌తో గుచ్చినా ఇట్లనే బాగవుతదా?" అని అడిగింది.

"అవుతుంది. ఎవరిది?"

ఆమె జిప్పు లాగి రైఫిల్ సంచీ మూసేసింది.

*

శనివారం క్వారీలో గాలి లేదు. సుధేష్ణ పడుకుని కొట్టింది. తూటాలన్నీ ఒకే కన్నంలోంచి దూరిపోయాయి. కార్డు తెచ్చిన నోయెల్ దాన్ని ఆకాశానికి పెట్టి ఆ కన్నంలోంచి ఆమెను చూశాడు. ఎన్ని రోజులు ఎదురుచూసింది దీని కోసం! పక్క లేన్‌లో త్రినాథ్ కార్డుకి మాత్రం ఈసారి ఆటలమ్మ పోసింది. బోల్టు తీసి చూశాడు, సైట్లు బిగించాడు, జాకెట్ విప్పి మళ్ళీ తొడుక్కున్నాడు. మళ్ళీ కొట్టాడు. ఇంకా చెల్లాచెదురైంది.

అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. అతను కళ్ళు నులుముకుని స్కోప్‌లో చూశాడు. బెంచీ మీద ఎవరో ఏదో అన్నారు, నవ్వులు వినిపించాయి. ఆ నవ్వుకి ఆమె కడుపు నిండాలి. ఆమె బెంచీ వైపు చూడకుండా తన చాప చుట్టింది.

మోరా వచ్చి ఆమె చెవి దగ్గర అంది. "త్రినాథ్ తప్పుకుంటానంటున్నాడు. రేపు నువ్వు ఆడతావా?"

"ఆడత" అంది సుధేష్ణ. నోట్లోంచి వచ్చేసింది ఆ మాట. అడ్డం పెట్టడానికి చెయ్యి కూడా లేవలేదు.

వెళ్ళేముందు త్రినాథ్ ఆమె దగ్గరికి వచ్చాడు. "మొన్న మిమ్మల్ని అందరి ముందూ అలా అనాల్సింది కాదండీ. ఇప్పుడు తెలిసింది. ప్రాబ్లం రైఫిల్ వెనకాలే ఉంది, నాలోనే."

ఆ రాత్రి ఆమె రెండు మార్లు లేచి గన్ సేఫ్ తాళం చూసి వచ్చింది. తాళం వేసే ఉంది.

ఆదివారం లిమరిక్ కార్లు వచ్చి ఆగుతుండగా సుధేష్ణ కార్ పార్కులో త్రినాథ్ కోసం నిలబడింది. అతను చూడ్డానికి మాత్రమే వచ్చాడు, అయినా రైఫిల్ డిక్కీలో తెచ్చుకున్నాడు. పొద్దున కొట్టి చూసుకోవాలనుకున్నాడట.

"నీ రైఫిల్ తియ్. గొట్టం మూతి చూడు. అయిదు దగ్గర" అంది.

అతను ఫోన్ లైటు వేసి చూశాడు. చూపుడువేలు గోరు అంచు మీద నడిపాడు. గోరు ఆగింది.

"ఎవరు చేశారండీ?"

"నేనే. బుధవారం. నువ్వు ఫోన్ల ఉన్నప్పుడు."

అతనికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక మొహంలో రక్తం లేదు. "ఎందుకు?"

"నాదానికి నువ్వే గాటు పెట్టినవ్ అనుకున్న. నోయెల్ చెప్పిండు, మూతి కాడ ఏదో తిప్పుతుంటివని."

"నిమ్మకాయండీ!" అన్నాడు త్రినాథ్. అరుపులాంటిది వచ్చింది గొంతులోంచి. "పులుపు ఇనుముని తినేస్తుందని మీ చెక్క తీసి తుడిచాను. మీకు చెప్తే దేవుడి దగ్గర పెట్టింది అంటారని చెప్పలేదు. లోపలికి గుడ్డ పోలేదు. మీరు వచ్చేస్తుంటే చెక్క మళ్ళీ గుచ్చేశాను."

"తెలిసింది. శుక్రవారం."

"శుక్రవారమా?" ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "నిన్న శనివారం కదండీ. నిన్న నేనొచ్చి మీకు సారీ చెప్పాను. విన్నారు."

సుధేష్ణ భుజం మీది సంచీ దించి, రెండు చేతులతో ముందుకు చాచింది. "దీంతోని కొట్టు. ఇయ్యాల నాలుగో మనిషివి నువ్వే. మోరాకు చెప్పిన. క్లబ్బు రేంజ్‌ల ఒకరిది ఒకరు కొట్టచ్చు."

తీసుకోడేమో అనుకుంది. వద్దండీ, పోనివ్వండి అంటాడేమో అనుకుంది. అలా అని ఉంటే ఆమె బతికిపోయేది. త్రినాథ్ సంచీ తీసుకున్నాడు.

"తీసుకుంటాను" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, అదే భయం వేసింది ఆమెకి. "రేపు ఫారెలీ దగ్గరికి నాతో రండి. ఈ గాటు ఎలా పడిందో ఆయనకి మీ నోటితోనే చెప్పండి. నాది బాగయ్యేదాకా ప్రతి వారం మీ రైఫిల్‌తో నేను కొడతాను. మీరు కొట్టరు. వెనకాల కూర్చుని నా స్కోప్ చూస్తారు, స్కోరు గట్టిగా చదువుతారు. అందరికీ వినపడాలి."

"మోరాకు చెప్పవా?"

"చెప్పాలనుకున్నప్పుడు చెప్తానండీ."

ఎప్పుడు అనుకుంటాడో అతని ఇష్టం. ఆ ఎప్పుడు అన్న భయాన్నే ఆమె చేతిలో పెట్టి పోయాడు.

మ్యాచ్ మొదలైంది. సుధేష్ణ చిన్న స్టూలు మీద, అతని బూట్ల వెనక, స్కోప్‌లో కన్ను పెట్టి కూర్చుంది. ముందు ఆమె రైఫిలు, ఆమె చాప. చెంప ఆనించే చోట ఆమె చెంప రాసుకుని నున్నబడ్డ చెక్క మీద అతని చెంప ఉంది.

టప్. కార్డు మధ్యలో నల్లటి చుక్క పడింది.

"టెన్" అంది.

"వినపడలేదండీ" అన్నాడు త్రినాథ్, తల తిప్పకుండా.

"టెన్!"

బెంచీ మీద చప్పట్లు. నోయెల్ ఈల వేశాడు. టప్. అదే కన్నంలోంచి. "టెన్!" టప్. "టెన్!" ఇంత జరిగాక కూడా, లోపల ఎక్కడో, ఈసారైనా పక్కకి పోవే అని గొణిగింది రైఫిల్‌తో. తనే ఎంచి కొన్న రైఫిలు, తనే పూజ చేసిన రైఫిలు.

టప్.

ఆమె చూసింది. ఆ ఒకే ఒక కన్నం అంచు కూడా చెదరలేదు.

"టెన్" అని అందరికీ వినపడేలా చదివింది.